హాట్ యోగా క్లాసు మధ్యలో లేచి బయటికి రావడం తప్పా? (డాలస్‌లో నా అనుభవం)

పెనమలూరు_పిల్ల:
యోగా నాకు కొత్తేం కాదు, స్కూల్లో సూర్యనమస్కారాలు చేసిన బ్యాచ్‌ని. ఆఫీసులో ఒకమ్మాయి హాట్ యోగా (బాగా వేడి చేసిన గదిలో చేసే యోగా) చేస్తే "ఒళ్ళు దూదిపింజ అయిపోతుంది" అని ఊదరగొడితే శనివారం ఇంటి దగ్గరున్న స్టూడియోకి వెళ్ళాను. మొదటి వారం ఆఫర్ 39 డాలర్లు, టవల్ అద్దె ఇంకో 2. తలుపు తీయగానే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి మొహాన కొట్టింది. 105 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 40 దాటింది, పైగా 40 శాతం తేమ, అందులో 90 నిమిషాలు. గోడ నుంచి గోడ దాకా కార్పెట్. దాని వాసన గురించి చెప్పను, అన్నం తింటూ చదివేవాళ్ళు ఉంటారు.

టీచర్ ఒక్క ఆసనం కూడా వేసి చూపించదు. చిన్న స్టేజీ ఎక్కి మైకులో "మోకాలు లాక్ చెయ్, లాక్ చెయ్" అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంది. గరుడాసనం అయ్యేదాకా నీళ్ళు ముట్టుకోవద్దంది. త్రికోణాసనం రెండోసారి వేస్తుంటే చెవుల్లో గుయ్‌మని మోత, అద్దంలో నా మొహం సున్నం కొట్టినట్టుంది. తలుపు వైపు నడిచాను. మైకు ఆపకుండానే "గదిలోనే ఉండండి, మ్యాట్ మీద కూర్చోండి" అంది, అందరూ అద్దంలోంచి నన్నే చూశారు. అయినా బయటికొచ్చి రిసెప్షన్ దగ్గర నేల మీద కూలబడ్డాను. డబ్బు వెనక్కి అడిగితే "మధ్యలో బయటికి రాకూడదని ఫారంలో ఉంది, సంతకం పెట్టారు కదా" అన్నారు. మా ఆయన కూడా తప్పు నాదే అంటున్నారు. మీరు చెప్పండి.

రెంటచింతల_రాజు:
డాలర్లు పోసి చెమట కొనుక్కున్నారా! మే నెలలో మా ఊరు రండి, 45 గ్యారంటీ, కరెంటు పోతే ఉక్కపోత ఫ్రీ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో మా నాయనమ్మ పదకొండు దాటితే గడప దాటనిచ్చేది కాదు. మీరేమో ఎదురెళ్ళి మరీ ఆ ఎండలో ఒంటికాలి మీద నిలబడ్డారు.

నాలుగేళ్ళ_మ్యాట్:
వెటకారం తేలికే రాజు గారూ. వారానికి మూడుసార్లు చొప్పున నాలుగేళ్ళుగా చేస్తున్నా. పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే ఉద్యోగం, పొద్దున లేస్తే నడుం పట్టేసి చెప్పులు వేసుకోవడానికి కూడా వంగలేకపోయేవాణ్ణి, ఇప్పుడు ఆ బాధ లేదు. 26 ఆసనాలు, మొదట్లో చివర్లో శ్వాస, రోజూ అదే వరస, కాబట్టి నిన్నటికి ఈరోజుకి ఒంట్లో ఏం మారిందో ఇట్టే తెలుస్తుంది. గదిలో ఉండమనేది కూడా మీ మంచికే అండీ. తల తిరుగుతున్న మనిషి ఒక్కరే నడిచి వెళ్ళి కారిడార్‌లో పడితే చూసేదెవరు? మ్యాట్ మీద పడుకుంటే టీచర్ కళ్ళముందు ఉంటారు. ఇంతకీ ఆ రోజు ఏం తిని వెళ్ళారు, నీళ్ళెన్ని తాగారు?

పెనమలూరు_పిల్ల:
దాచడమెందుకు. పొద్దున్నుంచి రెండు కాఫీలు, ఒంటిగంటకి ఆవకాయ అన్నం, నాలుగింటికి క్లాసు. నీళ్ళు గుర్తులేవు.

రెంటచింతల_రాజు:
ఆవకాయ అన్నం తిని ఆ గదిలోకా! తల్లీ, మీకో దండం.

డ్యూటీలో_నర్సు:
హ్యూస్టన్ నుంచి రాస్తున్నా, నైట్ షిఫ్ట్ మధ్యలో. ఆవకాయ మీద నవ్వుకోవడం అయిపోతే ఒక మాట. చెమట పడితే చల్లబడం, ఆరితే చల్లబడతాం. గదిలో తేమ పెంచేకొద్దీ చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది, లోపలి వేడి లోపలే. వేడికి ఒళ్ళు అలవాటు పడాలంటే వారం రెండు వారాలు పడుతుంది, మొదటి రోజే 90 నిమిషాలంటే అందరివల్లా కాదు. బీపీకి నీరు లాగే మాత్రలు వేసుకునేవాళ్ళు, గర్భిణులు ఆ గది జోలికే పోవద్దు.

మ్యాట్ గారు చెప్పినదాంట్లో సగం నిజం: తల తిరిగితే వెంటనే పడుకోవాలి, ఒంటరిగా నడవకూడదు. కానీ పడుకోవాల్సింది 105లో కాదు, చల్లటి చోట. వేడి వల్ల వచ్చిన నీరసానికి వేడిలోనే ఉంచి వైద్యం చేయడం నేనెక్కడా చూడలేదు. టీచర్ చేయాల్సిన పని ఒక మనిషిని తోడిచ్చి బయటికి పంపడం. నీళ్ళు ఫలానా ఆసనం దాకా తాగొద్దనడానికి ఒంటికి సంబంధించిన కారణమేదీ నాకు తెలీదు. ఇక "విషాలు చెమటలో పోతాయి" అని స్టూడియోల బోర్డుల మీద రాస్తారే, ఆ పని కాలేయం, కిడ్నీలది. చెమటలో పోయేది దాదాపు అంతా నీళ్ళు, ఉప్పు. క్లాసు తర్వాత తూకంలో తగ్గింది కూడా అదే, మజ్జిగ తాగితే తిరిగొస్తుంది.

నాలుగేళ్ళ_మ్యాట్:
మజ్జిగ మాట ఒప్పుకుంటా. కానీ వేడి లేకపోతే నా నడుం అంతగా సాగేదా?

డ్యూటీలో_నర్సు:
కండరాలు వేడిలో తేలిగ్గా సాగుతాయి, కాదనను. అందుకే హద్దు దాటి సాగదీసి కీళ్ళనొప్పి తెచ్చుకునే ప్రమాదమూ ఉంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇవే 26 ఆసనాలు 12 వారాలపాటు కొందరితో 40.5 డిగ్రీల్లో, కొందరితో 23 డిగ్రీల్లో చేయించారు. రక్తనాళాల పనితీరు రెండు గుంపుల్లోనూ మెరుగుపడింది, వేడి వల్ల ఎక్కువేం రాలేదు. మీ నడుం బాగుపడింది ఆసనాల వల్లేమో ఆలోచించండి.

చాదస్తం_బాబాయి:
అమ్మాయీ, అసలు అది యోగానేనా? పాత యోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక సాధన మొదట్లో నిప్పు దగ్గరికి పోవద్దంది. ఘేరండ సంహిత అయితే వేసవిలో, వానాకాలంలో, చలికాలంలో యోగం మొదలుపెట్టొద్దు, వసంతంలోనో శరత్తులోనో పెట్టుకోమంది. ప్రాణాయామంలో పట్టిన చెమటని ఒంటికే రుద్దుకోమన్నారు పెద్దలు, అది శ్రమకి పుట్టిన చెమట. హీటర్ పెట్టి పుట్టించిన చెమటకి టవల్ అద్దె కూడానా!

నాలుగేళ్ళ_మ్యాట్:
బాబాయి గారూ, ఆ వరస పెట్టిన బిక్రమ్ చౌదరి కలకత్తా మనిషి, ఆయన గురువు బిష్ణు చరణ్ ఘోష్ పరమహంస యోగానందకి స్వయానా తమ్ముడు. ఆసనాలు మనవే.

రెంటచింతల_రాజు:
ఆ బిక్రమే కదా ఈ 26 ఆసనాలకి కాపీరైట్ నాదే అని కోర్టుకెక్కింది, కుదరదని 2015లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది? మరుసటి ఏడే లాస్ ఏంజెలెస్‌లో, ఆయన దగ్గర పనిచేసిన న్యాయ సలహాదారుకి వేధింపుల కేసులో 60 లక్షల డాలర్లకి పైగా కట్టమని జ్యూరీ తీర్పిచ్చింది. తర్వాత ఆయన అమెరికాలో లేడు, చాలా స్టూడియోలు బోర్డు మీద పేరు చెరిపేసి హాట్ యోగా అని రాసుకున్నాయి. పేరు పోయినా "గది దాటొద్దు" అనే ఆ పెత్తనం మాత్రం పోయినట్టు లేదు.

నాలుగేళ్ళ_మ్యాట్:
ఆయన్ని నేనేం వెనకేసుకు రావట్లేదు. మా టీచర్ మొదటిసారి వచ్చినవాళ్ళని తలుపు పక్కన మ్యాట్ వేసుకోమంటుంది, నీళ్ళు ఎప్పుడైనా తాగనిస్తుంది. మీ దగ్గర మైకులో అలా అనడం బాగాలేదు, అది ఒప్పుకుంటున్నా. కానీ కాఫీతో ఖాళీ కడుపుతో వెళ్ళి స్టూడియోని ఒక్కదాన్నే అంటే ఎలా?

పెనమలూరు_పిల్ల:
ఖాళీ కడుపుతో కాదు, ఆవకాయతో. సరే, నీళ్ళు తాగకపోవడం నా తప్పే. వేడి గురించి కూడా నాకు గొడవ లేదు, తెలిసే వెళ్ళాను. నా గొడవ అంతా ఆ తలుపు గురించి. కాళ్ళు వణుకుతున్నప్పుడు హ్యాండిల్ పట్టుకోవాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను చూడండి, పెద్ద క్లాసులో టీచరమ్మని బాత్రూంకి అడిగినట్టు, ముప్పై ఆరేళ్ళొచ్చాక, ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నర్సు గారు రాసింది ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో పెట్టి నిన్న స్టూడియోకి మెయిల్ కొట్టాను. ఇందాకే జవాబొచ్చింది, 39 డాలర్లు వెనక్కి వేశారట. టవల్ డబ్బులు మాత్రం ఇవ్వరట, వాడారు కదా అన్నారు. నిజమే, వాడాను.