పంచషడ్ఢాయనార్భాభాః: ఢ నా, ధ నా?

వట్రసుడి: రెండ్రోజులుగా ఒక ముక్క బుర్రలో తిరుగుతోంది, పూర్తిగా రావట్లేదు. భాగవతంలో సనకసనందనాదుల గురించి, "పంచషడ్... ఏదో... పూర్వేషామపి పూర్వజాః". చూడ్డానికి ఐదారేళ్ళ పిల్లలు గానీ పాతవాళ్ళకన్నా పాతవాళ్ళు అని. మధ్య ముక్క ఎవరికైనా గుర్తుందా? ఎందుకడుగుతున్నానంటే, నలభై దగ్గరపడినా లోపల పెద్దవ్వని మనుషుల గురించి ఒక సైకాలజీ వ్యాసం తెలుగులో రాస్తున్నా, అందులో సైకాలజిస్టు యూంగ్ వాడిన 'ప్యూయర్ ఎటెర్నస్' అనే లాటిన్ మాటకి 'నిత్యబాలుడు' అని పెడితే ఏదో అష్టోత్తరంలో నామంలా వినిపిస్తోంది. సనత్కుమారుడు అన్నా అర్థం అదేగా అనుకుంటే ఈ లైన్ పట్టుకుంది, ఇంక వదలట్లేదు.

అరసున్న: "పంచషడ్ధాయనార్భాభాః పూర్వేషామపి పూర్వజాః". సప్తమస్కంధం మొదటి అధ్యాయం, ధర్మరాజుకి నారదుడు జయవిజయుల శాపం చెప్పేచోట.

బండిరా: ధ కాదండీ, ఢ. షట్ (ఆరు) + హాయన (ఏడాది), షడ్ఢాయన. మీ పుస్తకంలో ధ ఉంటే అచ్చుతప్పు.

అరసున్న: తద్ధితంలో (తత్ + హిత) ధ యే కదా మాస్టారూ, అదీ హకారమే మారింది.

బండిరా: తద్ధితంలో ముందున్నది ద, అందుకని ధ. ఇక్కడ ముందున్నది డ, అందుకని ఢ. పాణిని సూత్రమే ఉంది, "ఝయో హోఽన్యతరస్యామ్", ముందున్న హల్లుని బట్టి హ ఆ వర్గంలో నాలుగో అక్షరంగా మారుతుంది. వాగ్ఘరి (వాక్ + హరి) చదువుకున్నవాళ్ళకి ఇది చెప్పాలా.

గుడిదీర్ఘం: అన్యతరస్యాం అంటే వికల్పం అని కూడా ఉందిగా మాస్టారూ 🙂 షడ్హాయన అని విడిగా పలికినా తప్పు లేదు. ధ మాత్రం ఎలాగూ కుదరదు, అరసున్న అన్నా ఈసారికి ఒప్పేసుకో.

అరసున్న: అక్షరం ఒప్పుకున్నా. కానీ వట్రసుడి గారు పట్టుకోవాల్సింది అది కాదు, చివర్న ఉన్న 'ఆభ'. అర్భ + ఆభ. పిల్లలు అనలేదు, పిల్లల్లా కనిపించేవాళ్ళు అన్నాడు. కింది లైన్లో "శిశూన్ మత్వా", పసిపిల్లలు అనుకుని ద్వారపాలకులు ఆపేశారు. అనుకుని! అంటే బయట పిల్లాడు లోపల పెద్ద. మీ వ్యాసంలో వాళ్ళు దీనికి సరిగ్గా తిరగేసి, బయట పెద్ద లోపల పిల్లాడు. కాబట్టి సనత్కుమారుడు పనికిరాడు.

కొమ్ముదీర్ఘం: లోపల అంత పెద్దవాళ్ళయితే గుమ్మం దగ్గర ఆపినందుకే శాపం పెట్టేస్తారా? నన్నడిగితే అది అచ్చం ఐదేళ్ళ పిల్లాడి కోపం. ఆభ లేదు గీభ లేదు.

అరసున్న: తృతీయస్కంధంలో స్వామి వచ్చాక మాదే తప్పయితే మమ్మల్నే శిక్షించు అంటారు, అది వదిలేశారేం. కోపం రావడం పిల్లతనం కాదండీ, వచ్చిన కోపానికి పూచీ పడలేకపోవడం పిల్లతనం.

వట్రసుడి: ఈ చివరి వాక్యం వ్యాసంలోకి ఎత్తేస్తున్నా, పేరు వేస్తా లెండి. నేను రాస్తున్న మనిషి కూడా చెడ్డవాడేం కాదు, సరదా మనిషి, తెలివైనవాడు, బోలెడు ఐడియాలు, కానీ ఏ పనీ మూడో నెల దాటదు, ఒకటి ఎంచుకుంటే మిగతా తలుపులన్నీ మూసుకుపోతాయని భయం, ఉద్యోగమైనా మనిషైనా 'ఇది అసలుది కాదు, అసలుది ముందుంది' అనే ధోరణి. దానికి యూంగ్ సంప్రదాయం వాళ్ళు వాడే పదాన్ని మక్కికి మక్కి దింపితే 'తాత్కాలిక జీవితం', అది ఆఫీసు సర్క్యులర్లా ఉంది.

గుడిదీర్ఘం: వెయిటింగ్ రూము బతుకు అనండి.

కొమ్ముదీర్ఘం: రిహార్సల్ బతుకు బావుంటుందేమో. వెయిటింగ్ రూములో కనీసం ట్రైన్ వస్తుందన్న నమ్మకం ఉంటుంది.

బండిరా: అసలు మీ అనువాదంలో ఇబ్బంది ఎక్కడుందో చెప్తాను వినండి. 'సనా నిత్యే', అంటే సనా అన్నది నిత్యం అనే అర్థంలో అన్నాడు అమరకోశం రాసిన అమరుడు, సనత్ కూడా ఆ కుటుంబమే. వేదంలో 'సన' అంటే పాత. లాటిన్లో ముసలివాణ్ణి సెనెక్స్ అంటారు, అదీ ఇదీ ఒకే వేరు, మనం వాడే సీనియర్ కూడా అక్కణ్ణుంచే. ఇప్పుడు చూడండి, యూంగ్ సంప్రదాయంలో ప్యూయర్ కి ఎదురుగా పెట్టింది సెనెక్స్ నే. అంటే వాళ్ళు రెండు బొమ్మలుగా విడదీసుకున్న ముసలాణ్ణీ పిల్లాణ్ణీ మనవాళ్ళు ఒక్క సమాసంలో కూర్చోబెట్టారు. ఇంతకన్నా మంచి మాట ఎక్కడ దొరుకుతుంది మీకు.

అరసున్న: సనత్ అంటే బ్రహ్మ అని కూడా నిఘంటువుల్లో ఉంది మాస్టారూ. సనత్కుమారుడు అంటే బ్రహ్మకొడుకు, అంతే. ముసలాడూ లేడు పిల్లాడూ లేడు.

బండిరా: బ్రహ్మకి ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పండి మరి. పాతవాడు కాబట్టేగా!

గుడిదీర్ఘం: ఇంకో సంగతి. ప్యూయర్ ఎటెర్నస్ కూడా యూంగ్ పుట్టించిన మాట కాదు, రోమన్ కవి ఓవిడ్ ది, మద్యానికి దేవుడైన బాకస్ ని పొగుడుతూ నువ్వు నిత్యబాలుడివి అంటాడు. కాబట్టి వట్రసుడి గారూ, మీ మాట అష్టోత్తరంలా వినిపిస్తోందంటే సరిగ్గానే కుదిరినట్టు. పొగడ్తగా పుట్టిన మాట జబ్బు పేరులా మారిపోయింది పాపం.

వట్రసుడి: జబ్బు అనకూడదు లెండి. 1983లో డాన్ కైలీ అనే సైకాలజిస్టు, కథలో ఎప్పటికీ పెద్దవ్వని పిల్లాడి పేరు మీద, పీటర్ పాన్ సిండ్రోమ్ అని పేరు పెట్టాక జనం నోట్లో సిండ్రోమ్ అని పడిపోయింది గానీ డాక్టర్లు వాడే జబ్బుల జాబితాలో అలాంటిదేం లేదు. అసలు పెద్దవ్వడమే ఆలస్యమవుతోంది అనేవాళ్ళూ ఉన్నారు, 2000లో ఆర్నెట్ అనే ఆయన పద్దెనిమిది నుంచి పాతికదాకా ఒక వేరే దశే ఉందని ప్రతిపాదించాడు, అటు పిల్లలూ కాదు ఇటు పెద్దలూ కాదు అని.

కొమ్ముదీర్ఘం: దీనికి ఆర్నెట్ దాకా ఎందుకండీ, అదే సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు తోటి పిల్లలకి లెక్క చెప్తాడుగా. నూరేళ్ళలో సగం నిద్ర, బాల్యంలో కైశోరంలో ఆటల్లోనే ఇరవై పోతాయి, "క్రీడతో యాతి వింశతిః". ఇరవై దాకా ఆడుకోవచ్చని శాంక్షన్ ఉంది 😀 చెప్పేవాడు చూస్తే ఐదేళ్ళవాడు.

అరసున్న: శాంక్షన్ కాదది, ఏడుపు. భర్తృహరి లెక్క ఇంకా పిసినారిది, రాత్రులు పోగా మిగిలిన యాభైలో సగమే బాల్యానికీ ముసలితనానికీ కలిపి.

కొమ్ముదీర్ఘం: ప్రహ్లాదుడు అనగానే పోతన గుర్తొచ్చి ఆగలేకపోతున్నా. "పానీయంబులు ద్రావుచున్ గుడుచుచున్ భాషించుచున్ హాసలీలా నిద్రాదులు సేయుచున్". ఎంత హాయిగా నడుస్తుందో చూడండి, తాగడం తినడం నవ్వడం నిద్రపోవడం ఏదీ మానలేదు పిల్లాడు, పద్యం చివరికొచ్చేసరికి మాత్రం "మఱచెన్" అని మొత్తం విశ్వాన్నే మర్చిపోయాడు. పిల్లాడిగానే ఉంటూ పెద్దవ్వడం అంటే నాకు ఇదే. నా దృష్టిలో పసితనం వేరు, పిల్లతనం వేరు. మొదటిది ఉంచుకోవాలి, రెండోది వదిలించుకోవాలి. మన మనిషి తిరగేసి చేశాడు.

బండిరా: మంచి శార్దూలం. నాలుగో పాదం కూడా ఇస్తే బావుండేది.

గుడిదీర్ఘం: నాకు చాన్నాళ్ళుగా ఒక అనుమానం. 'చిన్నతనం' అంటే బాల్యం, 'చిన్నతనంగా ఉంది' అంటే నామోషీ. మరి 'పెద్దమనిషి'? అమ్మాయి విషయంలో పెద్దమనిషి అయిందంటే ఒళ్ళు చెప్పే కబురు. మగాడి విషయంలో పెద్దమనిషి అంటే ఎప్పుడో నలుగురూ ఇచ్చే హోదా. ఈ రెంటికీ మధ్య మగపిల్లాడు ఏ రోజు పెద్దవాడయ్యాడో చెప్పే మాటే లేదు. వయసొస్తుంది, బాధ్యత మీద పడుతుంది, ముసలితనం మీద పడుతుంది, అన్నీ వచ్చేవీ పడేవీ తప్ప తను చేసే క్రియ ఒక్కటీ లేదు.

వట్రసుడి: 'ఎదగడం' ఉందిగా? పెరగడం ఒంటికి, ఎదగడం మనిషికి.

అరసున్న: మొక్క ఎదిగింది అనరా? పైరు ఏపుగా ఎదిగింది అనరా? ఆ తేడా మనం ఈమధ్య పెట్టుకున్నదే అని నా అనుమానం.

కొమ్ముదీర్ఘం: ఎద అంటే గుండె, ఎద పెరగడమే ఎదగడం అని ఎక్కడో విన్నా 😍

బండిరా: విన్నచోటే వదిలేసి రండమ్మా.

కొమ్ముదీర్ఘం: సరే సార్. ఇంతకీ వట్రసుడి గారూ, మీ మనిషికి మందేమన్నా ఉందా వ్యాసంలో?

వట్రసుడి: యూంగ్ శిష్యురాలు ఫాన్ ఫ్రాంజ్ దీని మీద జ్యూరిక్ లో వరసగా లెక్చర్లిచ్చింది. గురువుగారు చెప్పిన మందు ఒకటే, పని అంటుంది. ఊపొచ్చినప్పుడు రాత్రీ పగలూ చేసే పని కాదు, అది ప్యూయర్ కి బాగానే చేతనవును. ఊపు పోయాక, లేవబుద్ధి కాని పొద్దున లేచి చేసే పని. మూడు వారాలుగా ఈ వ్యాసం ఆరో పేజీ దగ్గర ఆపి ఇక్కడ ఢ గురించి అడుగుతున్న నాకు అది టైప్ చేస్తుంటే కాస్త చిన్నతనంగానే అనిపించింది.

గుడిదీర్ఘం: 😂😂 ఏ అర్థంలో?

వట్రసుడి: రెండర్థాల్లోనూ. సరే, ఇప్పుడు ఏం పెట్టమంటారు? నిత్యబాలుడా, సనత్కుమారుడా, ఇంకేదైనానా? ఆడవాళ్ళకి లాటిన్లో ప్యూయెల్లా అని వేరే మాట కూడా ఉంది, అదీ చూడాలి.

బండిరా: అది తర్వాత చూద్దాం. ఇందాక షడ్హాయన అని విడిగా పలకొచ్చన్నారు గుడిదీర్ఘం గారు. వ్యాకరణం ఒప్పుకుంటుంది, సరే. అలా అచ్చేసిన భాగవతం ప్రతి ఒక్కటి చూపించండి, ఒక్కటి చాలు.

గుడిదీర్ఘం: ఇంటికెళ్ళి ఫొటో పెడతా మాస్టారూ.