తిరుపతిలో ఇంటి మీద హ్యామ్ రేడియో టవర్: పర్మిషన్ ఎవరిని అడగాలి?

కొత్తవీయూ3
అందరికీ నమస్కారం. పొద్దున పదిన్నరకు బయల్దేరి సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరాను. ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడికి పోతే మళ్లీ మొదటి చోటే అడగమన్నారు. నేను అడిగింది ఒక్కటే. ఇంటి మీద హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని హాబీగా రేడియోలో మాట్లాడుకునేది) టవర్ వేసుకోవాలి, అప్లికేషన్ ఎక్కడ పెట్టాలి? కౌంటర్‌లో ఆయన "ఏ కంపెనీ?" అన్నాడు. కంపెనీ కాదు సార్, నేనే అంటే సెల్ టవర్ ఫారం చేతిలో పెట్టాడు. అందులో సగం గడులు నాకు సంబంధించినవే కావు.

నిన్న రాత్రి రెండింటి దాకా నెట్‌లో వెతికాను. అమెరికా రూల్సే వస్తున్నాయి. ఫ్యాబ్రికేటర్‌కు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. ఎత్తు 15 మీటర్లు. తిరుపతిలో వేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఏయే పర్మిషన్లు కావాలో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

40మీటర్లు
ఇల్లు ఎక్కడ?

కొత్తవీయూ3
తిరుపతి అని రాశాను కదన్నా.

40మీటర్లు
తిరుపతిలో ఎక్కడ? చంద్రగిరి వైపా, రేణిగుంట వైపా?

ఎర్త్‌పిట్
తమ్ముడూ, పర్మిషన్ కన్నా ముందు ఎర్తింగ్ సంగతి ఆలోచించు. ముప్పై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను, ఎవరూ వినరు. అందరూ యాంటెన్నాకు వేలు పోస్తారు, ఎర్త్‌కు మాత్రం ఒక ఇనుప కడ్డీ దిగ్గొట్టి అయిందనిపిస్తారు. మన ఎర్ర నేలలో, రాళ్ల నేలలో ఎండాకాలం తడి ఉండదు. వానాకాలం కొలిస్తే బాగున్న ఎర్త్ ఏప్రిల్‌లో కొలిస్తే చెడిపోయి ఉంటుంది. పిడుగు కోసం వేసే ఎర్త్ 10 ఓమ్‌ల లోపు ఉండాలి, అదీ మే నెలలో కొలిచి చూసుకోవాలి.

ఇంకో పెద్ద తప్పు ఉంది. టవర్‌కు ఒక ఎర్త్, ఇంటి కరెంటుకు ఒక ఎర్త్ వేసి రెండింటినీ కలపకుండా వదిలేస్తారు. పిడుగు పడినప్పుడు ఆ రెండింటి మధ్య వోల్టేజీ తేడా వస్తుంది, అది నీ రేడియో గుండా, నీ చేతి గుండా దారి వెతుక్కుంటుంది. అన్ని ఎర్త్‌లనూ మందమైన పట్టీతో ఒకటిగా కలపాలి. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోటే దాని పై తొడుగును ఎర్త్ చేయాలి. మబ్బు పట్టిందంటే కేబుల్ ఊడదీసి కిటికీ బయట పెట్టాలి. ఇది చేయలేనివాడు టవర్ వేయకూడదు.

కొత్తవీయూ3
తప్పకుండా చేస్తానన్నా. కానీ ముందు పర్మిషన్ ఎవరిస్తారో తెలియాలి కదా.

ఇల్లు రేణిగుంట వైపే. ఎయిర్‌పోర్ట్ దగ్గరే, మా మిద్దె మీద నుంచి దిగే విమానం చక్రాలు కనిపిస్తాయి.

40మీటర్లు
ఈ మాట మొదటే రాయాల్సింది.

మదనపల్లె లిజనర్
ఆఫీసులో "టవర్" అనడమే మీరు చేసిన పొరపాటు. ఆ మాట వినగానే వాళ్లకు సెల్ టవర్ తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు, పక్కింటివాళ్లకు రేడియేషన్ గుర్తుకు వస్తుంది. "యాంటెన్నా పోల్" అని రాయండి, ఎవరూ పట్టించుకోరు.

శేషాచలం డీఎక్స్
లిజనర్ గారూ, ఆ సలహా మంచిది కాదు. నాలుగు కాళ్ల మీద నిలబడే ఇనుప చట్రాన్ని పోల్ అని రాసి, రేపు ఎవరో ఫిర్యాదు చేస్తే, అబద్ధం రాశాడన్న మాట మిగులుతుంది. దాంతో మన హాబీ అంతటికీ చెడ్డపేరు. గై వైర్లతో, అంటే పక్కలకు లాగి కట్టే తీగలతో, నిలబెట్టిన సన్న పైపు అయితే మాస్ట్. తన కాళ్ల మీద తాను నిలబడే చట్రం అయితే టవర్. ఏది కడుతున్నారో అదే రాయాలి. దాని పక్కన "అమెచ్యూర్ రేడియో (హ్యామ్‌కు అధికారిక పేరు ఇదే), స్వంత వినియోగం, వ్యాపారం కాదు" అని స్పష్టంగా రాసి, లైసెన్స్ కాపీ జతచేయాలి.

మదనపల్లె లిజనర్
మా ఊళ్లో గై వైర్లు ఉన్నదాన్నీ టవర్ అనే అంటారు సార్. ఫారం నింపేవాడికి ఆ తేడా ఎట్ల తెలుస్తుంది?

శేషాచలం డీఎక్స్
తెలియదు కాబట్టే ఒక పేజీ డ్రాయింగ్ పెట్టాలి. పేరు కన్నా బొమ్మ బాగా చెబుతుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. కొత్తవీయూ3 గారూ, మీకు ఇచ్చిన సెల్ టవర్ ఫారం మీది కాదు. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న టెలికం రైట్ ఆఫ్ వే (ఇతరుల స్థలంలో లైన్లు, టవర్లు వేసే హక్కు) నిబంధనలు సర్వీసు ఇచ్చే కంపెనీల కోసం. అమెచ్యూర్ లైసెన్స్ ఇచ్చేది ఢిల్లీలోని టెలికం శాఖలో రేడియో ఫ్రీక్వెన్సీలు చూసే డబ్ల్యూపీసీ విభాగం. అది మీ స్టేషన్‌కు లైసెన్స్, కట్టడానికి అనుమతి కాదు. కట్టడం సంగతి చూసేది మీ స్థలం ఎవరి పరిధిలో ఉందో వాళ్లు, కార్పొరేషనో, పంచాయతీయో, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వాళ్లో. ఇవి రెండూ వేర్వేరు. మీరు ఒకే కౌంటర్‌లో రెండూ అడిగి ఉంటారు.

కానీ మీ కేసులో మూడోదే పెద్దది, ఎయిర్‌పోర్ట్. విమానయాన శాఖ 2015 సెప్టెంబర్‌లో ఎత్తు పరిమితుల రూల్స్ తెచ్చింది. విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల దాకా అవి వర్తిస్తాయి. రేణిగుంట నుంచి లెక్క వేస్తే తిరుపతి టౌన్‌లో చాలా భాగం ఆ లోపలే. రంగులు వేసిన మ్యాపులు ఉంటాయి, ఒక్కో రంగుకు ఒక్కో ఎత్తు. ఎరుపు గడిలో ఉంటే ఎత్తు ఎంత తక్కువైనా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాల్సిందే. ఆన్‌లైన్‌లో నోకాస్ అనే పోర్టల్ ఉంది, అక్కడ అప్లై చేయాలి.

అక్కడ అందరూ తప్పు చేసేది ఎత్తు దగ్గరే. మీరు 15 మీటర్లు అంటున్నారు, అది మిద్దె మీద నుంచి. వాళ్లు అడిగేది సముద్ర మట్టం నుంచి. ఉదాహరణకు మీ నేల 120 మీటర్లు, ఇల్లు 7, టవర్ 15, పైన యాంటెన్నా, పిడుగు కడ్డీ కలిపి 2 అనుకుందాం. మీరు రాయాల్సింది 144. నేల ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు సర్వేయర్‌తో కొలిపించండి. ఫోన్‌లో వచ్చే అంకెలు రాయకండి.

40మీటర్లు
లైసెన్స్‌లో ఏ అడ్రస్ ఉంది?

కొత్తవీయూ3
చిత్తూరు అన్నా, మా నాన్నగారి ఇల్లు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ (కింది స్థాయి లైసెన్స్), 50 వాట్లు. ట్రాన్స్‌ఫర్ మీద ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర అయింది. అదీ కావాలా?

40మీటర్లు
కావాలి. ముందు అది మార్చుకో. స్టేషన్ అడ్రస్ లైసెన్స్‌లో భాగం. టెలికం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో చూడు.

పాకాల రేడియో
ఏ బ్యాండ్ల కోసం వేస్తున్నారు? 6 మీటర్ల బ్యాండ్ (తరంగం పొడవు 6 మీటర్లు, అంటే 50 మెగాహెర్ట్జ్ దగ్గర) ఉంటే దయచేసి ఒకసారి ఆలోచించండి. మన గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. 1024 యాగీ యాంటెన్నాలు (ఒకే దిక్కుకు గురిపెట్టేవి) పొలంలో నాటినట్లు వరుసగా ఉంటాయి. పై వాతావరణం నుంచి తిరిగి వచ్చే అతి బలహీనమైన సిగ్నల్‌ను అవి పట్టుకుంటాయి. అంత పెద్ద శాస్త్ర పరికరం మన పక్కన ఉండటం మన అదృష్టం. మనవల్ల దానికి ఏ చిన్న ఇబ్బందీ రాకూడదు. చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకుపోయి చూపించారు, నేను ఈ రేడియో హాబీలోకి రావడానికి ఆ రోజే కారణం.

కొత్తవీయూ3
6 మీటర్లు కాదన్నా. 20 మీటర్లకు మూడు ఎలిమెంట్ల యాగీ, 40 మీటర్లకు వైరు.

సివిల్ చిత్తూరు
నేను హ్యామ్ కాదు, స్ట్రక్చరల్ పని చేస్తాను. గాలి లెక్క ఎవరూ అడగలేదే? మన కట్టడాల కోడ్‌లో చెన్నైకి, నెల్లూరుకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు తీసుకుంటారు. ఆ వేగంలో చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల తోపు. మీ యాంటెన్నా గాలికి అర చదరపు మీటరు అడ్డం ఇస్తుందనుకున్నా, 15 మీటర్ల పైన 75 కిలోలతో పక్కకు లాగినట్లు. ఇది టవర్ చట్రం మీద పడే గాలి కాకుండా. ఇదంతా మీ మిద్దె స్లాబు మీదకే వస్తుంది. స్లాబుకు నాలుగు బోల్టులు కొట్టి నిలబెట్టే ఫ్యాబ్రికేటర్లను చాలామందిని చూశాను. కాళ్లు స్తంభాల మీదకు రావాలి. ఇల్లు ఎన్ని అంతస్తులు? స్తంభాలు ఉన్నాయా, గోడల మీద లేపిన ఇల్లా?

కొత్తవీయూ3
రెండు అంతస్తులు. కింద గోడల మీదే లేపారు సార్, పై అంతస్తు తర్వాత వేసుకున్నారు. ఓనర్ ఒప్పుకున్నారు.

శేషాచలం డీఎక్స్
అద్దె ఇల్లా?

కొత్తవీయూ3
అవును సార్. నోటిమాటగా ఒప్పుకున్నారు.

సివిల్ చిత్తూరు
గోడల ఇంటి మీద 15 మీటర్ల టవర్‌కు నేను సంతకం పెట్టను. ఓనర్ దగ్గర కాగితం కూడా తీసుకోండి.

40మీటర్లు
కరెంటు లైను ఉందా పక్కన?

కొత్తవీయూ3
వెనక సందులో 11 కేవీ లైను ఉంది. ఇంటికి 8 మీటర్ల దూరం.

ఎర్త్‌పిట్
15 మీటర్ల ఇనుము 8 మీటర్ల దూరంలో కరెంటు లైను పక్కన! తమ్ముడూ, కరెంటు రూల్‌లో 11 కేవీకి ఇంటి నుంచి అడ్డంగా 1.2 మీటర్లు చాలు అని ఉంది, కానీ అది కదలకుండా నిలబడి ఉండే గోడకు. టవర్ ఎత్తేటప్పుడు జారినా, గాలికి పడినా లైను మీద పడకూడదు. పడిపోయే పొడవుకు మించిన దూరం కావాలి. హ్యామ్‌లు పోయింది పిడుగులకన్నా ఇట్లాంటి లైన్ల వల్లే ఎక్కువని నేను నమ్ముతాను. నిలబెట్టే రోజు ఎస్పీడీసీఎల్ వాళ్లను అడిగి లైను ఆపించుకోవచ్చు. కానీ ఆ తర్వాత పదేళ్లు ఎవరు ఆపుతారు?

శేషాచలం డీఎక్స్
మీ ఉత్సాహాన్ని తగ్గించాలని కాదు. 2004 సునామీ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి భారతి ప్రసాద్ గారు హ్యామ్ రేడియోలోనే సమాచారం పంపారు. ఆ స్టేషన్ పని విన్నాకే నేను పరీక్షకు కూర్చున్నాను. మీలాంటి కొత్తవాళ్లు రావాలి.

అయితే లెక్క చూడండి. 20 మీటర్ల బ్యాండ్‌లో అర తరంగం అంటే 10 మీటర్లు, యాంటెన్నాకు నేల నుంచి అంత ఎత్తు ఉంటే చాలు. మీ ఇల్లే 7 మీటర్లు. దానిమీద 6 మీటర్ల జీఐ పైపు పెడితే నేల నుంచి 13 అవుతుంది, లైనుకు దూరంగా ఇంటి ముందు వైపు బిగిస్తే పడినా లైనుకు తగలదు. దాని కొస నుంచి 20, 40 మీటర్ల బ్యాండ్లకు ఇన్వర్టెడ్ వీ (తలకిందుల V ఆకారంలో వైరు యాంటెన్నా) కట్టండి. 50 వాట్లతో ప్రపంచమంతా మాట్లాడవచ్చు. యాగీ సొంత ఇల్లు కట్టుకున్నాక. పైపుకైనా నోకాస్‌లో మీ గడి రంగు చూడాల్సిందే. టవర్ కాదు పైపే కదా అని వదిలేయవద్దు.

మదనపల్లె లిజనర్
చూశారా, చివరికి పోల్ దగ్గరికే వచ్చాం.

శేషాచలం డీఎక్స్
ఇది నిజంగా పోల్ కాబట్టి.

కొత్తవీయూ3
(పన్నెండు రోజుల తర్వాత)
అందరికీ థాంక్స్. టవర్ పని ఆపించాను. అడ్వాన్స్‌లో సగం తిరిగి వచ్చింది, మిగతా దానికి పైపు తీసుకున్నా. సర్వేయర్ వచ్చి కొలిచాడు, నోకాస్‌లో నేల ఎత్తుకు 13 మీటర్లే కలిపి అప్లై చేశాను. అడ్రస్ మార్పుకూ పెట్టాను. అది వచ్చేదాకా ట్రాన్స్‌మిట్ చేయడం లేదు, పిట్టగోడ వెంబడి వైరు లాగి వింటున్నాను. నిన్న రాత్రి 7 మెగాహెర్ట్జ్‌లో కొలంబో స్టేషన్ చాలా స్పష్టంగా వచ్చింది. ఉంటాను, డ్యూటీకి టైమైంది.

40మీటర్లు
మీ గడి ఏ రంగు వచ్చింది?

పాకాల రేడియో
నాకూ అదే తెలుసుకోవాలని ఉంది. మా మేనల్లుడు ఏర్పేడు వైపు ఇల్లు తీసుకుంటున్నాడు.