చింతచెట్టు కథను ఎక్కడికి పంపాలి?

అఫ్జల్‌గంజ్ గుమాస్తా:

నమస్కారం. అఫ్జల్‌గంజ్‌లో ఒక మందుల దుకాణంలో లెక్కలు రాస్తాను. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని పెద్ద చింతచెట్టు కింద కూర్చోవడం ఆరేళ్లుగా అలవాటు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు 150 మంది దాకా ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నా కథలో ఆ చెట్టు ఏటా అదే రాత్రి తన కొమ్మలెక్కిన వాళ్లను లెక్కపెట్టుకుంటుంది. ఎప్పుడు లెక్కపెట్టినా ఒకరు ఎక్కువ వస్తారు. ఆ ఎక్కువైన మనిషి ఎవరో తేల్చడానికి ఒక గుమాస్తాను పనిలో పెట్టుకుంటుంది.

పదకొండు పేజీలు వచ్చింది. ఇంతవరకూ చదివింది మా ఆవిడ ఒక్కతే. "జీతం ఇచ్చే స్తోమత ఉందా ఆ చెట్టుకు?" అని మాత్రం అడిగింది.

ఇలాంటి కథలను తెలుగు పత్రికలు వేసుకుంటాయా? ఇంగ్లీషులోకి మార్చి విదేశాలకు పంపడమే మేలని ఒక మిత్రుడి మాట. రెండు మూడు చోట్లకు ఒకేసారి పంపవచ్చా? ముందు ఫేస్‌బుక్కులో పెట్టి నలుగురూ ఏమంటారో చూద్దామని కూడా ఉంది.

చిక్కడపల్లి పాతకాపు:

ఫేస్‌బుక్కులో పెట్టకండి. ఆ ఆలోచన పూర్తిగా మానుకున్నాకే మిగతాది చదవండి.

పత్రికలు కథతో పాటు హామీపత్రం అడుగుతాయి. ఇది నా సొంత రచన, అనువాదమో అనుకరణో కాదు, అచ్చులో గానీ అంతర్జాలంలో గానీ ఇదివరకు రాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని రాసి సంతకం పెట్టాలి. ఫేస్‌బుక్ గోడ మీద అతికించిన కథకు ఆ సంతకం ఎలా పెడతారు? రెండు చోట్లకు ఒకేసారి పంపడం గురించి అడిగారు కదా, దానికీ ఆ కాగితమే జవాబు.

ఇప్పుడు నా బుద్ధితక్కువ పని ఒకటి చెబుతాను. నా మొదటి కథను ‘అను’ అనే తెలుగు ఫాంట్‌లో టైపు చేసి ఒక వారపత్రికకు మెయిల్ చేశాను. తొమ్మిది నెలలు ఎదురుచూసి, సిగ్గు విడిచి ఫోన్ చేశాను. అవతల పెద్దాయన నింపాదిగా, "బాబూ, మీరు పంపింది కథా? ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు కలిపి చల్లినట్టుంది" అన్నారు. వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంట్ లేదు. తొమ్మిది నెలలూ నా నాయిక డాలరు గుర్తుల కింద పడి ఉంది! అప్పటి నుంచి, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోనే పంపుతున్నాను, ఒత్తులు చెదరకుండా పీడీఎఫ్ కూడా జతచేస్తాను.

పదకొండు పేజీల కథ ఆదివారం అనుబంధాల్లో పట్టదు. వాళ్లకున్న చోటే తక్కువ. వెబ్ పత్రికలకు ఆ ఇరుకు లేదు. 1998 నుంచి వస్తున్న ఈమాట ఉంది, సారంగ ఉంది. ముందు పాత సంచికలు కొన్ని చదివి, మీ చెట్టు అక్కడ బతుకుతుందో లేదో చూడండి. ఫాంటసీని ఎవరు వేస్తారన్న బెంగ మాత్రం వద్దు. బేతాళుడు శవంతో సహా చెట్టెక్కే కథల కోసం నెలనెలా చందమామకు కాచుకున్న జాతి మనది.

సంపాదకుడికి రాసే ఉత్తరంలో కథ సారాంశం, అందులోని సందేశం చెప్పకండి. మీ పేరు, చిరునామా, ఎన్ని పదాలో రాస్తే చాలు. నేనొకసారి రెండు పేజీల ఉత్తరం రాశాను. కథ కంటే అదే బాగుందన్నారు.

ఉప్పల్ నుంచి అనువాదకురాలు:

ఇంగ్లీషు సంగతి నేను చెబుతాను. ముప్పై ఒక్క తిరస్కరణల తరువాత నావి రెండు కథలు వచ్చాయి.

డబ్బు వస్తుంది. ఒక్కో పదానికి కనీసం 8 అమెరికన్ సెంట్లు ఇస్తేనే అక్కడి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం దాన్ని వృత్తి స్థాయి పారితోషికంగా లెక్కిస్తుంది. చదవడానికే రుసుము అడిగే పత్రిక కనిపిస్తే పక్కకు తప్పుకోండి. ఎవరు ఎప్పుడు కథలు తీసుకుంటున్నారో సబ్మిషన్ గ్రైండర్ అనే సైటులో ఉచితంగా చూడవచ్చు. అచ్చం నా లెక్కల పుస్తకమే అది.

మీ మిత్రుడు యంత్రంతో అనువదించమని చెప్పి ఉంటే వినకండి. 2023 ఫిబ్రవరిలో కృత్రిమ మేధ రాసిన కథలు కుప్పలుగా వచ్చి పడటంతో క్లార్క్స్‌వరల్డ్ పత్రిక కొన్నాళ్లు తలుపులే మూసేసింది. ఆ తరువాత అందరూ అనుమానంగానే చూస్తున్నారు. తెలుగులో ముందే వచ్చిన కథ అయినా, మీరు చేసుకున్న ఇంగ్లీషు అనువాదాన్ని కొత్త రచనగా చదివే పత్రికలు ఉన్నాయి. కాబట్టి తొందర లేదు, తెలుగులో ముందు రానివ్వండి.

రాత్రి డ్యూటీ:

పంపడం గురించి నాకు తెలియదు, పాఠకుడిని మాత్రమే. ఒక అనుమానం. ఆ వరద రాత్రి, చీకట్లో, చెట్టు మీద మనుషులను లెక్కపెట్టింది ఎవరు?

అఫ్జల్‌గంజ్ గుమాస్తా:

రాత్రి డ్యూటీ గారూ, మీ ప్రశ్న చదివి నిద్ర పట్టలేదు. నా కథలో మొదటి రెండు పేజీలూ వరద చరిత్రే. నిన్న వాటిని తీసేశాను. ఇప్పుడు గుమాస్తా చెట్టును అడిగే మొదటి మాట అదే: "మొదటి లెక్క ఎవరు రాశారు?" చెట్టు జవాబు చెప్పదు, ఒక కాయ రాలుస్తుంది. తొమ్మిది పేజీలకు దిగింది. మా ఆవిడ ఈసారి జీతం సంగతి అడగలేదు.

యూనికోడ్‌లోకి మార్చుకున్నాను. పాతకాపు గారూ, చివరిగా ఒక్కటి. హామీపత్రంలో "సొంత రచన" అనాలా, "స్వీయ రచన" అనాలా?

చిక్కడపల్లి పాతకాపు:

ఏదైనా సరే. తేదీ వేయడం మర్చిపోకండి. నేను మర్చిపోయాను, అది ఇంకో కథ.