జనవరి 26 సెలవులకి చిలికా ఒడ్డున బ్రంచ్: ఏ రోజు, ఎక్కడ?

వీణ_బరంపురం

నమస్తే అందరికీ. 2026 జనవరిలో ఇక్కడ ఒడిశాలో మనకి వరసగా నాలుగు రోజులు సెలవులు పడ్డాయి, చూసుకునే ఉంటారు. 23 శుక్రవారం సరస్వతీ పూజ, నేతాజీ జయంతి ఒకేసారి, తర్వాత శని, ఆది, ఆపైన 26 సోమవారం. వైజాగ్ నుంచి మా అక్కావాళ్లు నలుగురు, సోంపేట నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. మా పై వాటాలో ఉండే ఒడియా కుటుంబం కూడా మాతో వస్తామన్నారు, చాలా ఏళ్లుగా అన్నీ కలిసే చేసుకుంటాం కాబట్టి వాళ్లని వదిలి వెళ్లే ప్రశ్నే లేదు. మొత్తం పదముగ్గురం, అందులో పిల్లలు ఐదుగురు.

మా ఆశ ఒక్కటే. నీళ్లు కనిపించే చోట, పొద్దున్న పదకొండుకి కూర్చుని, ఎవరూ లేవమని తొందరపెట్టకుండా మధ్యాహ్నం దాకా తింటూ కబుర్లు చెప్పుకోవాలి. అక్కావాళ్లకి పీతలు, రొయ్యలు కావాలి. వైజాగ్‌లో దొరకవా అంటే దొరుకుతాయి, కానీ చిలికా పీత రుచి వేరని మా బావగారు ఫోన్ చేసినప్పుడల్లా అంటూనే ఉంటారు.

చిక్కు ఎక్కడంటే అత్తయ్యగారికి శనివారం ఒక్కపొద్దు. ఆదివారం 25న రథసప్తమి, ఆ రోజు మా ఇంట్లో నీచు ముట్టం. సోమవారం పై వాటా వాళ్లు చేపలు తినరు. శుక్రవారం పిల్లలకి బళ్లో పూజ. ఇంక ఏ రోజు పెట్టుకోవాలి? చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్లలో రంభ బాగుంటుందా, బర్కుల్ బాగుంటుందా, లేక సముద్రం ఒడ్డున గోపాలపూర్‌కి పోతే సరిపోతుందా? పిల్లలకి పడవ, పక్షులు, డాల్ఫిన్లు కావాలట. ఇటీవల వెళ్లినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది, వచ్చేవాళ్లందరికీ నేనే మాట ఇచ్చాను.

ఛత్రపూర్_శ్రీను

అక్కా, రంభకే వెళ్లండి. బరంపురం నుంచి హైవే మీద దాదాపు యాభై కిలోమీటర్లు, పెద్దవాళ్లకి ప్రయాణం అలుపు ఉండదు. బర్కుల్ ఇంకో పాతిక ముప్పై కిలోమీటర్లు ముందుకి పోవాలి, అక్కడ పడవలు ఎక్కువ, కాళీజాయి గుడికి వెళ్లే జనం ఎక్కువ, సెలవు రోజుల్లో జెట్టీ దగ్గర నిలబడే చోటు ఉండదు. రంభ వైపు సరస్సు కొండల మధ్యకి వచ్చి ఆగినట్టు ఉంటుంది, నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లకి నేను ఎప్పుడూ ఇదే చెప్తాను.

కానీ ఒక్కటి గట్టిగా చెప్తున్నా, ముందు పడవ, తర్వాత తిండి. చాలామంది పదింటికి దిగి, టిఫిన్ చేసి, కాసేపు ఫోటోలు తీసుకుని పన్నెండింటికి పడవెక్కుతారు. అప్పటికి ఎండ నెత్తిన ఉంటుంది, పక్షులు దూరంగా సర్దుకుంటాయి, గాలి లేచిందంటే పిల్లలకి కడుపులో తిప్పుతుంది. మీరు ఇంట్లో కాఫీ, రెండు బిస్కెట్లు, అంతే. ఆరింటికల్లా బయలుదేరండి, పొగమంచు ఉంటే నిదానంగా రండి, ఆ నెలలో హైవే మీద పొద్దున్నపూట మంచు ఉంటుంది. ఏడున్నరకి పడవ ఎక్కితే పదిన్నరకి ఒడ్డు. అప్పటికి అందరూ ఆకలి మీద ఉంటారు, మీరు అడిగిన పదకొండు గంటల భోజనం దానంతట అదే కుదురుతుంది.

రంభ దగ్గర సరస్సు లోపలికి చొచ్చుకొచ్చిన ఖాడీలోనే పడవవాళ్లు తిప్పే దీవులున్నాయి. ఒకదాని పేరు బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, ఖల్లికోట రాజులు కట్టించిన పాత బంగళా శిథిలాలు అక్కడున్నాయి. బీకన్ ఐలాండ్ అని ఇంకోటి, నీళ్ల మధ్య బండ మీద పాతకాలం స్తంభం ఉంటుంది. బర్డ్స్ ఐలాండ్ అంటే పెద్ద పెద్ద బండరాళ్లు. మీ అక్క కూతురికి బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ పేరు చెప్పండి, ఎగిరి గంతేస్తుంది. అక్కడ తినడానికి మాత్రం ఏమీ దొరకదు, మంచినీళ్లు మీరే పట్టుకెళ్లాలి.

సిల్క్‌సిటీ_రవి

నేను శ్రీను గారితో ఒప్పుకోను. రంభ అందంలో వంక పెట్టలేను, కానీ వీణ గారు అడిగింది బ్రంచ్. పదకొండు గంటలకి కూర్చుని తాపీగా తినాలంటే ఆ టైముకి తెరిచి ఉండే వంటిల్లు కావాలి కదా. సరస్సు ఒడ్డున ఉన్న చాలా చోట్ల పదింటికి టిఫిన్ కట్టేస్తారు, పన్నెండున్నర దాటితే గానీ భోజనం రాదు. మధ్యలో వెళ్తే టీ, బ్రెడ్ ఆమ్లెట్ ఇస్తారు. పోయిన చలికాలంలో ఒక రెస్టారెంట్లో మాకు ఇదే జరిగింది, పీతలు ఆర్డర్ చేస్తే గంటన్నర కూర్చోబెట్టి చివరికి అయిపోయాయన్నారు, పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

గోపాలపూర్ మన ఊరికి పదిహేను పదహారు కిలోమీటర్లే. అక్కడి పాత పామ్ బీచ్ హోటల్ 1914 నుంచి ఉంది, ఇప్పుడు మేఫెయిర్ వాళ్లది, సముద్రం ఎదురుగానే. ఖర్చు ఎక్కువే, పదముగ్గురికి లెక్క వేసుకుంటే గుండె ఝల్లుమంటుంది. కానీ పెద్దవాళ్లకి కుర్చీ, నీడ, శుభ్రమైన బాత్రూమ్ అన్నీ దొరుకుతాయి. లైట్‌హౌస్ చూడొచ్చు, ఇసకలో పిల్లలు ఆడుకోవచ్చు. సముద్రంలోకి మాత్రం దింపకండి, అక్కడ అలలు లాగేస్తాయి, పైకి కనిపించేంత మెత్తగా ఉండదు.

ఇంకో దారి ఛత్రపూర్ దగ్గర తంపర సరస్సు. మంచినీటి సరస్సు, పడవలు ఉన్నాయి, 2021లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితాలో, చేరింది. తిండికి పెద్దగా ఆశ పెట్టుకోకండి, ఇంటి దగ్గర నుంచి డబ్బాలు కట్టుకెళ్లేవాళ్లకి బాగుంటుంది.

లక్ష్మి_పర్లాకిమిడి

వీణా, ఎక్కడ అన్నది వీళ్లు తేలుస్తారు గానీ ఏ రోజు అన్నది నేను చెప్తాను, మా ఇంట్లో కూడా ఇవే నియమాలు.

శనివారం పెట్టుకో. మీ అత్తగారిది ఒక్కపొద్దు అంటున్నావు, అంటే పూర్తి ఉపవాసం కాదు, ఒక్క పూట తింటారు కదా. ఆ ఒక్క పూట పదకొండు, పన్నెండు మధ్య పడేలా చూసుకుంటే ఆవిడ వ్రతానికీ మీ బ్రంచ్‌కీ గొడవే లేదు. వేరే రోజుల్లో అయితే ఆవిడ ఎనిమిదింటికి టిఫిన్ చేసి, పదకొండుకి ఆకలి లేక అందరి మొహాలూ చూస్తూ కూర్చోవాలి. శనివారమే ఆవిడకీ హాయి.

అయితే ఆవిడ తిండి ఆ హోటల్ వంటింటి మీద వదలకు. చేపల బాణలి కడిగి అందులోనే కూర చేసి ఇస్తే ఆవిడ ముట్టరు, పైకి ఏమీ అనకుండా 'నాకు ఆకలి లేదమ్మా' అంటారు, ఆ రోజంతా నీ మనసు పీకుతూనే ఉంటుంది. చింతపండు పులిహోర, దద్దోజనం ఇంటి దగ్గరే చేసి పట్టుకెళ్లు. పులిహోర తెల్లవారుజామున కలిపితే మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుంది. దద్దోజనంలో పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోసి కలిపితే పులవదు. బయటి తిండి తెచ్చుకోవచ్చా అని హోటల్ వాళ్లని ముందే అడుగు, ఒక్కరి వ్రతం సంగతి చెప్తే సాధారణంగా కాదనరు. ఆవిడకి బల్ల చివరన కాదు, మధ్యలో, నీళ్లు కనిపించే వైపు కుర్చీ వెయ్యి. పీతల పళ్లాలు రెండో చివరన పెట్టించు. మామయ్యగారు కూడా శాకాహారమే అయితే ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టు.

ఆదివారం మాత్రం కదలకండి. రథసప్తమికి అటు అరసవల్లి జనం, ఇటు మాఘ సప్తమి స్నానానికి కోణార్క్ చంద్రభాగ జనం, రెండు వైపులా బస్సులూ రైళ్లూ నిండిపోతాయి. తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం, చిక్కుడాకుల్లో పరమాన్నం, ఇవి మీ డాబా మీదే ప్రశాంతంగా చేసుకోండి. వైజాగ్ పిల్లలకి పాలు పొంగించడం చూపించు, అపార్ట్‌మెంట్లలో పెరిగేవాళ్లు పిడకల పొయ్యి ఎక్కడ చూస్తారు.

వీణ_బరంపురం

లక్ష్మి వదినా, ఒక్కపొద్దుని అలా చూడాలని నాకు తోచనే లేదు. అత్తయ్యగారికి ఫోన్ చేసి అడిగాను, 'పదకొండున్నర అయితే నాకు సరిగ్గా సరిపోతుంది, పులిహోర నేనే కలుపుతాను' అన్నారు. శనివారం ఖాయం.

రవి గారూ, గోపాలపూర్ మాకు ఇంటి ముందు వీధిలాంటిది, వారం వారం చూస్తూనే ఉంటాం, వచ్చేవాళ్లకి చిలికా చూపించాలని ఉంది. కానీ వంటింటి టైము గురించి మీరు చెప్పింది నిజం, అది ఎలా దాటాలి? ఇంకా డాల్ఫిన్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

పాత_ఖల్లికోట_మాస్టారు

అమ్మా వీణా, డాల్ఫిన్ల ఆశ పిల్లలకి ఇప్పుడే తగ్గించు. ఇరావడీ డాల్ఫిన్లు ఎక్కువగా కనిపించేది సాతపడా వైపు, సముద్రం నీరు వచ్చి కలిసే చోట. అది పూరీ జిల్లా, రంభ నుంచి రోడ్డు మీద వెళ్తే ఒక రోజు పని. చిలికా అంటే ఒక చెరువు అనుకుని అన్నీ ఒకే పడవలో చూసేద్దామనుకుంటారు, వానాకాలంలో అది పదకొండు వందల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, మూడు జిల్లాల మీద పరుచుకుని ఉంది. సాతపడాకి వేరే ఒక ప్రయాణం పెట్టుకోండి, రాత్రి అక్కడే ఉండేలా.

పక్షులకి మాత్రం మీరు వెళ్లే రోజులు మహా మంచివి. ఏటా జనవరిలో లెక్క పెడతారు, 2024లోనూ 2025లోనూ పదకొండు లక్షలు దాటాయి. సైబీరియా, మంగోలియా, కాస్పియన్ దాకా ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. ఎక్కువ భాగం సరస్సు లోపలి నలబణ దీవిలో దిగుతాయి, అది 1987 నుంచి అభయారణ్యం, రంభ నుంచి పడవలో చాలా దూరం. రంభ ఖాడీలో అంత గుంపులు ఉండవు గానీ పిల్లలు తృప్తిపడేటన్ని కనిపిస్తాయి. ఇంట్లో బైనాక్యులర్ ఉంటే తప్పకుండా తెచ్చుకోండి. గుంపు కనిపించగానే ఇంజను ఆపమని పడవ అతనికి ఎక్కేముందే చెప్పండి. దగ్గరికి పోనిచ్చి అవి ఒక్కసారి లేస్తే ఫోటో తీద్దామని కొందరు అడుగుతారు, దయచేసి మీరు అడగకండి. వేల మైళ్లు ఎగిరొచ్చిన పక్షి మళ్లీ తిరిగి వెళ్లడానికి ఇక్కడే తిని బలం కూడగట్టుకుంటుంది, దాన్ని ఊరికే లేపితే ఆ బలం పోతుంది.

మీ బావగారు మెచ్చుకునే పీత గురించి కూడా ఒక మాట. 1990లలో సరస్సు సముద్రంలో కలిసే నోరు పూడుకుపోయి, నీళ్లలో ఉప్పు తగ్గి, నాచు కమ్మేసి చేపలు పడిపోయాయి. వలలు ఖాళీగా రావడం ఈ ఒడ్డున అందరం కళ్లారా చూశాం. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వి సముద్రాన్ని మళ్లీ లోపలికి రానిచ్చాక పీతలు, రొయ్యలు, పండుగప్ప తిరిగి వచ్చాయి. ఉప్పునీరు, మంచినీరు సరైన పాళ్లలో కలవడం వల్లే ఆ రుచి. పిల్లలకి తినేటప్పుడు ఇది చెప్పండి, వింటారు. ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు నీళ్లలో వెయ్యనివ్వకండి, ఒక సంచి తెచ్చుకుని అన్నీ వెనక్కి పట్టుకెళ్లండి.

సిల్క్‌సిటీ_రవి

వంటింటి సంగతికి జవాబు. రెండు రోజుల ముందు ఫోన్ చేసి, శనివారం పదకొండుంపావుకి పదముగ్గురం, ఒకరికి ఇంటి భోజనం, అని పేరు మీద రాయించండి. ఏం కావాలో కూడా అప్పుడే చెప్పేయండి. ఒడ్డునే పంథనివాస్ ఉంది, ఒడిశా టూరిజం వాళ్లది, ముందే ఆర్డర్ ఇస్తే వండిపెట్టడం వాళ్లకి అలవాటే. పాత రంభ ప్యాలెస్‌ని కూడా ఇప్పుడు హోటల్ చేశారు, బయటివాళ్లకి భోజనం పెడతారేమో అడిగి చూడండి. పెద్ద సందర్భం అనుకుంటే అక్కడ బాగుంటుంది.

ఛత్రపూర్_శ్రీను

రవి గారు చెప్పినట్టే చెయ్యండి, నేను దానికి కొంచెం కలుపుతాను. ఫోన్‌లో పీతలు అని ఊరికే చెప్పొద్దు, ఎన్ని కిలోలు, కిలో ఎంత, వండే కూలి అందులోనే కలిసిందా వేరా, ఇవన్నీ అడగండి. తూకం మీరు చూశాకే వండమనండి, పీత కాళ్లు కదులుతూ ఉండాలి. పదముగ్గురిలో తినేవాళ్లు పదిమంది అనుకుంటే పీతలు మితంగా, రొయ్యలు కాస్త ఎక్కువ చెప్పండి, పీత తినడానికి టైము పడుతుంది, పైగా పిల్లలకి ఒలిచి పెట్టడం పెద్దవాళ్ల పని అయిపోతుంది. మీ పై వాటా వాళ్లకి దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు), అన్నం, ఖైంగా చేప వేపుడు చెప్పండి, వాళ్ల ఇంటి రుచి వాళ్లకి దొరుకుతుంది. చివర్లో ఛెనా పోడ (పాలవిరుగుడుతో కాల్చి చేసే ఒడియా స్వీట్) ఉంటే ఒకటి చాలు, లేకపోతే బరంపురం నుంచే కొనుక్కుని వెళ్లండి.

పడవ ఒకటే పెద్దది మాట్లాడకండి, రెండు తీసుకోండి. పెద్దవాళ్లు ఉన్న పడవ గంటలో వెనక్కి వచ్చేస్తుంది, పిల్లల పడవ దీవులన్నీ తిరిగి వస్తుంది. లైఫ్ జాకెట్ పిల్లల సైజులో ఉందో లేదో చూసి గానీ ఎక్కించొద్దు.

వీణ_బరంపురం

అందరికీ చాలా చాలా థాంక్స్. శనివారం 24, రంభ, రెండు పడవలు, పదకొండుంపావుకి బల్ల. శుక్రవారం సాయంత్రం పూజ అయ్యాక పిల్లల్ని తొందరగా పడుకోబెడతాం. మాస్టారూ, సాతపడా సంగతి పిల్లలకి చెప్పేశాను, కాసేపు అలిగి, వేసవి సెలవుల్లో తీసుకెళ్లాలని మాట తీసుకున్నారు. ఒక్క అనుమానం మిగిలింది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మామయ్యగారికి గుడి చూపించాలని ఉంది, దారిలో ఏదైనా దగ్గరగా ఉందా?

పాత_ఖల్లికోట_మాస్టారు

ఖల్లికోట దగ్గర నిర్మల్‌ఝర్ ఉందమ్మా. విష్ణు ఆలయం, పక్కనే కొండ ఊట నీళ్లు పారుతూ ఉంటాయి, శనివారం కాబట్టి మీ అత్తగారికి కూడా దర్శనం అయినట్టు ఉంటుంది. హైవే నుంచి కాస్త లోపలికి వెళ్లాలి. మూడింటికల్లా రంభలో లేస్తే చీకటి పడేలోపు బరంపురం చేరతారు. మెట్లు తడిగా ఉంటాయి, మామయ్యగారి చెయ్యి ఎవరైనా పట్టుకోండి.