ఓడల కంపెనీ అంతరిక్ష రంగానికి ఏమి ఇవ్వగలదు?

ప్రశ్న: మిర్యాలగూడ నుంచి ఒక చీఫ్ ఆఫీసర్ (ఓడలో కెప్టెన్ తరువాతి అధికారి)

అందరికీ నమస్కారం. పదహారేళ్లుగా సరుకు ఓడల మీద పనిచేస్తూ, ప్రస్తుతం సెలవు మీద మిర్యాలగూడలో ఇంటి దగ్గర ఉన్నాను. మా కంపెనీ చిన్నది. మన దేశంలో ప్రైవేటు సంస్థలకు అంతరిక్ష రంగం తలుపులు తెరుచుకున్నాయి కాబట్టి, మన అనుభవం అక్కడ దేనికి పనికొస్తుందో రాసి పంపమని యాజమాన్యం అధికారులందరినీ కోరింది. నా తోటివారు ఉపగ్రహ ఇంటర్నెట్టు గురించి, ఓడల జాడ తెలిపే ఏఐఎస్ సమాచారం గురించి రాస్తున్నారు. అవి అంతరిక్షం నుంచి మనం పొందే సేవలే గాని, మనం దానికి ఇవ్వగలిగినవి కావు.

శ్రీహరికోట నుంచి ప్రయోగం ఉన్న రోజుల్లో బంగాళాఖాతంలో ఫలానా హద్దుల్లోకి రావద్దని మాకు హెచ్చరిక అందుతుంది, ఆ హద్దులను చార్టు మీద గీసుకుని పక్కకు తప్పుకుని పోతాం. ఇన్నేళ్లలో రాకెట్టుతో నాకున్న సంబంధం అంతే. సముద్రం మీద మనం నేర్చిన పనుల్లో రాకెట్టు వాళ్లు డబ్బిచ్చి కొనుక్కోవలసినంత విలువైనది ఏదైనా ఉందా? తెలిసిన పెద్దలు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1: మహబూబ్‌నగర్ నుంచి, ఆఫ్‌షోర్ ఓడల (సముద్రంలోని నూనె బావులకు పనిచేసే ఓడల) మాజీ మాస్టరు, అంటే కెప్టెన్

చీఫ్ ఆఫీసర్ గారూ, తప్పకుండా ఉంది, పైగా మన దేశంలోనే దానికి గొప్ప ఉదాహరణ ఉంది. మంగళయాన్‌ను 2013 అక్టోబరు 28న ప్రయోగించాలని మొదట అనుకున్నారు. ఆ ప్రయాణంలో పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ మండేది దక్షిణ పసిఫిక్ మీద, అక్కడ సంకేతాలు అందుకోవడానికి నేల మీద మన కేంద్రమేదీ లేదు. అందుకని షిప్పింగ్ కార్పొరేషన్ వారి నలంద, యమున అనే రెండు ఓడల మీద యాంటెన్నాలు బిగించి పంపారు. వాతావరణం బాగుండక నలంద ఫిజీ చేరడం ఆలస్యమైంది, దానితో ప్రయోగం నవంబరు 5కు వాయిదా పడింది. అంగారకుడి దాకా పోవలసిన యాత్ర ఒక ఓడ తన చోటికి చేరడం కోసం ఆగింది. చెప్పిన తేదీకి చెప్పిన చోట నిలబడడమే అక్కడ మన వాళ్ల పని, దానికి వేరే ఓడ ఏదీ బదులు కాలేకపోయింది.

రెండోది లాషింగ్, అంటే సరుకు కదలకుండా డెక్కుకు కట్టి బిగించడం. అమెరికా సంస్థ స్పేస్ ఎక్స్ 2016 ఏప్రిల్ 8న మొదటిసారి ఫాల్కన్ 9 రాకెట్టు తొలి దశను సముద్రంలోని బల్లకట్టు ఓడ మీద దింపగలిగింది. గాలికీ ప్రవాహానికీ కొట్టుకుపోకుండా థ్రస్టర్లతో (ఓడను అన్ని వైపులా నెట్టగల చిన్న ప్రొపెల్లర్లతో) ఆ ఓడను ఒకే చోట నిలిపి ఉంచుతారు, ఇది నూనె బావుల దగ్గర మేము రోజూ చేసిన పనే. 2019 ఏప్రిల్‌లో వారి పెద్ద రాకెట్టు ఫాల్కన్ హెవీ మధ్య భాగం చక్కగా దిగింది గాని, దాన్ని డెక్కుకు పట్టి ఉంచే యంత్రం ఆ భాగానికి సరిపోయేలా ఇంకా తయారు కాలేదు, అలలు పెరిగేసరికి అది ఒరిగి పడిపోయింది. దిగడం అనే కష్టమైన పని నెగ్గిన తరువాత, కట్టడం అనే పాత పని దగ్గర నష్టం జరిగింది. మీ మిర్యాలగూడ మిల్లుల దగ్గర బియ్యం లారీకి తాడు బిగించే హమాలీ కూడా లోడు కట్టనిదే బండిని కదలనివ్వడు. ఎత్తుగా, పైన తేలికగా, కింద బరువుగా ఉండే ఇలాంటి సరుకు ఊగే డెక్కు మీద ఎంత వంపుకు తట్టుకుంటుందో లెక్కకట్టి చెప్పగలిగినవారు మన రంగంలోనే ఉన్నారు.

మన దేశంలో తొలి దశను తిరిగి వాడుకోగల కొత్త రాకెట్టుకు 2024 సెప్టెంబరులో కేంద్రం అనుమతి ఇచ్చింది కాబట్టి, ఈ అవసరం ఇక్కడికీ వస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. వ్యోమగాములు కూర్చునే గగన్‌యాన్ మాడ్యూలును నీటిలోనుంచి తీయడం మాత్రం నౌకాదళం పని, 2023 అక్టోబరు 21 నాటి పరీక్షలో ఐఎన్‌ఎస్ శక్తి ఆ పని చేసింది. దాని మీద ఆశ పెట్టుకోకండి.

జవాబు 2: షాద్‌నగర్ నుంచి, ఉపగ్రహ పరికరాల నాణ్యతా తనిఖీలో ఉన్నవారు

మాస్టరు గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయాలి. మీ చార్టర్ (ఓడను అద్దెకిచ్చే) ఒప్పందాల్లో ఓడ రావలసిన తేదీలకు ఒక వెసులుబాటు ఉంటుంది, సరుకు ఎక్కించడం, దించడం ఆలస్యమైతే అద్దెకు తీసుకున్నవారు డెమరేజీ అనే పరిహారం కట్టి ముందుకు పోతారు. మా దగ్గర గ్రహాల స్థానాన్ని బట్టి ప్రయోగ సమయం నిర్ణయమైతే, అది దాటిపోయిన తరువాత డబ్బు కట్టినా తిరిగి రాదు. అందువల్ల మీ కంపెనీ నిజాయితీగా చెప్పవలసింది "మా ఓడ ఎంత వేగంగా పోతుంది" అన్నది కాదు, "ఆలస్యమయ్యే అవకాశాన్ని ఎన్ని రోజుల ముందుగా పసిగట్టి మీకు చెప్పగలం" అన్నది.

రవాణాలో మాత్రం మంచి అవకాశం ఉంది. జేమ్స్ వెబ్ టెలిస్కోపును 2021లో కాలిఫోర్నియా నుంచి పనామా కాలువ మీదుగా ఫ్రెంచ్ గయానాకు 16 రోజుల్లో చేర్చింది ఎంఎన్ కొలిబ్రి అనే సరుకు ఓడ. యూరప్ రాకెట్టు ఏరియాన్ 6 భాగాలను అక్కడి నుంచి మోసుకుపోవడానికే కానోపే అనే 121 మీటర్ల ఓడను కట్టి, ఇంధనం ఆదా కోసం నాలుగు తెరచాపలు అమర్చారు. ఇటువంటి సరుకుకు తేమ, ఉప్పుగాలి, కుదుపు మూడూ శత్రువులే. హైడ్రజీన్ అనే రాకెట్టు ఇంధనం వంటి ప్రమాదకర పదార్థాలను ఓడల్లో మోయడానికి ఉన్న అంతర్జాతీయ ఐఎండీజీ నియమావళి మీకు కంఠోపాఠం, కొత్తగా రాకెట్లు కడుతున్న చిన్న సంస్థల్లో ఆ అలవాటును మొదటి నుంచి నాటవలసి ఉంటుంది. ప్రమాదం తృటిలో తప్పిన సంగతిని కూడా రాసి పైకి పంపే పద్ధతిని మీకు ఓడల భద్రతా నిర్వహణకు సంబంధించిన ఐఎస్‌ఎమ్ కోడ్ తప్పనిసరి చేసింది. నన్నడిగితే ఓడకంటే ఆ రికార్డుల క్రమశిక్షణే మీ దగ్గర ఎక్కువ విలువైన సరుకు.

జవాబు 3: నాగర్‌కర్నూలు నుంచి, సముద్ర బీమా కేసులు చూసే న్యాయవాది

ఒక పొరపాటు ఆలోచన తరచుగా వినిపిస్తోంది కాబట్టి చెబుతున్నాను. సముద్రంలో ఆపదలో ఉన్న ఓడను కాపాడినవారికి సాల్వేజ్ ప్రతిఫలం దక్కుతుంది గనుక, పనిచేయని ఉపగ్రహాలను పట్టి తెచ్చి సంపాదించవచ్చని కొందరు అనుకుంటారు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఎనిమిదో అధికరణం ప్రకారం ఉపగ్రహం చచ్చిపోయినా దాని యజమాని హక్కు పోదు, దాన్ని నమోదు చేసిన దేశపు అధికారమూ పోదు. వారి అనుమతి లేకుండా చెయ్యి వెయ్యకూడదు. బాధ్యత విషయంలోనూ తేడా ఉంది: సముద్రంలో ఓడ యజమాని నష్టపరిహారానికి ఒక పరిమితి కోరవచ్చు. 1972 నాటి బాధ్యతా ఒప్పందం కింద మాత్రం నేల మీద జరిగిన నష్టానికి ప్రయోగించిన దేశం తప్పు ఉన్నా లేకపోయినా పూర్తిగా జవాబు చెప్పాలి. కాబట్టి రాకెట్టు భాగం మీ డెక్కు మీదికి దిగే క్షణంలో నష్టం జరిగితే ఎవరిది, దిగిన తరువాత ఒరిగితే ఎవరిది అన్నది ఒప్పందంలో విడివిడిగా రాయించుకోండి.

చీఫ్ ఆఫీసర్ మళ్లీ

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఎత్తైన సరుకును డెక్కు మీద కట్టే లెక్కలను, మా నాలుగేళ్ల ఆలస్యాల రికార్డును ముందు పెట్టి నివేదిక రాస్తాను. డెక్కు బలం లెక్కల కోసం మా పాత ఓడ ప్లాన్లు తెప్పిస్తున్నాను. మాస్టరు గారూ, థ్రస్టర్లు లేని ఓడను టగ్గులతో (పెద్ద ఓడలను లాగే చిన్న ఓడలతో) అలా నిలిపి ఉంచడం ఎంతవరకు సాధ్యమో వీలు చూసుకుని రాయగలరా?