గర్భసంచికి సంకోచమా?

ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. గర్భాశయం గోడలోని నునుపు కండరాన్ని న్యూరోపెప్టైడ్లు ఎలా ఆడిస్తాయన్నది విషయం. నాడీకణాల్లో తయారయ్యే, అమైనో ఆమ్లాల చిన్న చిన్న గొలుసులవి. ఆక్సిటోసిన్ అనే హార్మోను వాటిలో ఒకటి. "ఆక్సిటోసిన్ గర్భాశయ సంకోచాలను ప్రేరేపిస్తుంది" అని రాసి పెద్దమ్మకి వినిపిస్తే, "గర్భసంచికి సంకోచం దేనికే, ఎవరి దగ్గర మొహమాటం?" అంది. బడి పుస్తకంలో సంకోచం, వ్యాకోచం సరే, ఇంట్లో సంకోచమంటే జంకే. 'నొప్పులు' అని రాసేయనా?

జవాబు: రాసేయండి. 'నొప్పి' ఒంట్లో ఎక్కడైనా రావచ్చు. "ఆవిడకి నొప్పులొస్తున్నాయి" అంటే మాత్రం పురుడే. ఆ బహువచనంలోనే లయ ఉంది: వస్తుంది, బిగిస్తుంది, వదులుతుంది, మళ్లీ వస్తుంది. ఆక్సిటోసిన్ కూడా ధారగా కాక విడతలు విడతలుగానే విడుదలవుతుంది. మెదడులోని హైపోథాలమస్‌లో తయారై పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి రక్తంలోకి వస్తుంది. బిడ్డ తల గర్భాశయ ముఖద్వారాన్ని ఒత్తినకొద్దీ ఇంకా వస్తుంది. నెలలు నిండేసరికి కండరంలో దాన్ని అందుకునే గ్రాహకాలు బాగా పెరుగుతాయి. పేరు కూడా గ్రీకులో 'త్వరగా కాన్పు' అనే అర్థంలోంచి వచ్చిందే.

జవాబు: నేనొప్పుకోను. వెన్నులో మత్తు సూది ఇచ్చాక నొప్పి తెలియదు, కండరం తన పని తాను చేస్తూనే ఉంటుంది. అప్పుడు "నొప్పి లేని నొప్పులు" అని రాస్తారా? పైగా మీ వ్యాసంలో ఆక్సిటోసిన్ ఒక్కటే ఉండదు కదా. సబ్‌స్టన్స్ పి అనే మరో న్యూరోపెప్టైడ్ ఆ కండరాన్ని బిగిస్తుంది. 28 అమైనో ఆమ్లాల వీఐపీ (వేసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్) సడలిస్తుంది. 1970లో దాన్ని పంది పేగులోంచి వేరుచేశారు, అందుకే గర్భాశయంలో ఉన్నా పూర్తి పేరులో పేగు ('ఇంటెస్టైనల్') అలాగే ఉండిపోయింది. బిగువు, సడలింపు అనండి, రెండు వైపులా సరిపోతాయి. పురుటి గదిలో మాత్రం నొప్పులే ఉంచండి.

జవాబు: పనిలో పని, పాల దగ్గర 'క్షీర స్రావ ప్రతిచర్య' లాంటివి రాయకండి. 'చేపు' ఉందిగా. బిడ్డ ఏడుపు వినగానే తల్లికి పాలు చేపుతాయి. ఆ చేపుకీ ఆక్సిటోసినే కారణం. బాలింత పాలిస్తుంటే పొత్తికడుపు మెలిపెట్టేది అందుకే, అదే హార్మోను గర్భసంచినీ బిగిస్తుంది. రక్తం పోకుండా ఆపేది కూడా ఆ బిగువే.

చేపు పశువుల మాటేమో అని ఇన్నాళ్లూ జంకాను (ఇదీ సంకోచమే!). నిఘంటువు తీస్తే పాలు స్రవించడమనే ఉంది. మార్చి రాసి పెద్దమ్మకి మళ్లీ చదివాను. "ఇప్పుడు తెలిసింది. మరి ఆ వీఐపీ ఎవరే, లోపలికి ఎలా వెళ్లాడు?" అంది.