కొడుకు మాట వినిపిస్తుంది, మనవరాలి మాట వినిపించదు: తాతయ్యలకు ఎందుకిలా?

గోదారిగట్టు:
డెబ్బై దాటినవాళ్ళున్న ఇళ్ళలో తరచూ ఇదే గొడవ. "ఈ కాలం పిల్లలు నోట్లో నోట్లోనే గొణుక్కుంటారు, పెద్దలంటే లెక్కలేదు" అని వాళ్ళు. "కావాల్సినవి మాత్రం బాగానే వినిపిస్తాయి" అని పిల్లలు. గట్టిగా చెబితే "ఎందుకలా అరుస్తావు" అంటారు. ఇది స్వభావమా, చెవి సంగతా?

శబ్దలహరి:
చాలావరకు చెవి సంగతే. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నటి శబ్దాలను తినేస్తుంది. అచ్చులకు బలం ఎక్కువ, అవి నిలుస్తాయి. స, చ, త, ప, క పలచన, అవే పోతాయి. పాలు, కాలు, చాలు మూడూ ఒకేలా చేరతాయి. మాట వినబడుతుంది, ఏమన్నారో తెలియదు. అందుకే ఎదుటివాళ్ళు గొణిగినట్టే ఉంటుంది. కొడుకు గొంతు బరువు కాబట్టి కాస్త నయం. ఆడవాళ్ళ, పిల్లల గొంతు సన్నం.

ఇక అరుపు సంగతి. లోపలి చెవి కణాలు దెబ్బతింటే చిన్న శబ్దాలు అందవు, పెద్ద శబ్దాలు మాత్రం మనకెంత బాధో వాళ్ళకీ అంతే. మధ్యలో ఉండాల్సిన ఎడం తగ్గిపోతుంది. "ఏంటీ?" అన్న మనిషే మరుక్షణం "అరవకు" అనడం నటన కాదు.

వేపచెట్టు:
వంటింట్లోంచి కేకేయకండి. మీటరు దూరంలో, ఎదురుగా నిలబడండి. కిటికీకి వీపు పెడితే మీ ముఖం నీడలో పడి పెదాలు కనబడవు. టీవీ ఆపి, "తాతయ్యా" అని పిలిచి, ఇటు చూశాకే మొదలెట్టండి. నిదానంగా చాలు. అందకపోతే అదే మాట మళ్ళీ అనకుండా మార్చండి: "పాలు తేనా?" బదులు "కాఫీలోకి పాలు లేవు, కొట్టుకెళ్ళి తేనా?" "ఏంలేదులే" అని మాత్రం అనొద్దు. తమ దగ్గర ఏదో దాస్తున్నారనుకుంటారు, ఆ నొప్పి చాలాకాలం ఉంటుంది.

గోదారిగట్టు:
వినికిడి మిషన్ కొంటే సరిపోదా? చాలామంది కొని బీరువాలో పెడతారు.

శబ్దలహరి:
ముందు ఈఎన్‌టీ డాక్టరు గుబిలి ఉందేమో చూడాలి. దూది చుట్టిన ఇయర్‌బడ్ పుల్ల దాన్ని ఇంకా లోపలికి నెడుతుంది. తర్వాత ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, బరువు శబ్దం (250 హెర్ట్జ్) నుంచి సన్నటి శబ్దం (8000 హెర్ట్జ్) దాకా. మిషన్ పెట్టిన మొదటిరోజు గిన్నెల చప్పుడు, ఫ్యాన్ హోరు మీదపడతాయి, బీరువాలోకి పోయేది అందుకే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో రోజుకు గంటా రెండు గంటలతో మొదలెట్టి పెంచండి, అలవాటుకు వారాలు పడుతుంది. మిషన్‌లో వేసే, గాలితో పనిచేసే జింక్ ఎయిర్ బ్యాటరీ స్టిక్కర్ ఒలిచాక నిమిషం గాలి తగలనిచ్చి వేయండి. బ్యాటరీ సైజుల్లో 13 నంబరుకు నారింజ రంగు, 312కు గోధుమ రంగు స్టిక్కర్. ఒకదాని బదులు ఇంకోటి సరిపోదు.

ఒక్క చెవి ఉన్నట్టుండి వినబడడం మానేస్తే మాత్రం వయసు ఖాతాలో వేయకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.